చైనీస్ మాట్లాడేవాళ్ళకి ఇంగ్లీషు 'అప్' ఎలా నేర్పాలి?

మీ ఫ్యాక్టరీకి వచ్చిన చైనా ఇంజినీర్లకి సాయంత్రాలు ఇంగ్లీషు చెబుతున్నానన్నారు. 'అప్' అంటే 'పైకి' అని చెబితే ముందు బాగానే పట్టుకున్నారు గానీ 'యూజ్ అప్', 'హీట్ అప్', 'కమింగ్ అప్' దగ్గరికి వచ్చేసరికి "ఇందులో పైకి ఎక్కడుంది?" అని అడుగుతున్నారన్నారు. సూటిగా చెప్తాను. 'అప్'ని చైనీస్ 'షాంగ్'తో కట్టేయకండి. చైనీస్‌లో క్రియ వెనక చేరే చిన్న మాటలు కొన్ని ఉన్నాయి. 'అప్'ని వాటితో కలిపి చూపిస్తే వాళ్ళకి తొందరగా అందుతుంది.

నేను చైనాలో ఎంబీబీఎస్ చదివాను. మా క్లాసులు ఇంగ్లీషులో జరిగేవి, వార్డులో పేషెంట్లు మాత్రం చైనీసే మాట్లాడేవారు. అక్కడి మెడికోలు నాకు చైనీస్ నేర్పేవారు, నేను వాళ్ళకి ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. కింద రాసేదంతా ఆ అనుభవంలోంచే. చైనీస్ మాటలు వాళ్ళు పలికే తీరుకి దగ్గరగా రాస్తున్నాను. చైనీస్‌ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతిని పిన్యిన్ అంటారు. అందులో బి, డి, జి అని కనిపించేవి నిజానికి మన ప, త, కలు. ఒత్తి పలికినప్పుడే పి, టి, కె అని రాస్తారు. ఈ తేడా చూపించడానికి తెలుగు లిపి చాలా బాగా కుదురుతుంది.

ముందు 'షాంగ్' సంగతి. అర్థం 'పైన', 'పైకి' అనే, కానీ అది తిరిగే చోట్లు వేరు. ఉద్యోగానికి వెళ్ళడం షాంగ్‌పాన్, పని ముగించుకుని బయటపడడం శ్యాపాన్. మనం డ్యూటీ ఎక్కడం, దిగడం అనమూ, అలాగే. క్లాసుకి వెళ్ళడం షాంగ్‌ఖ, బస్సెక్కడం షాంగ్‌ఛ, ఇంటర్నెట్‌లోకి వెళ్ళడం షాంగ్‌వాంగ్. ఇంగ్లీషులో వీటిలో ఒక్కచోట కూడా 'అప్' రాదు. అందుకే 'అప్ వర్క్', 'డౌన్ వర్క్' లాంటి మాటలు వినిపిస్తాయి. 'గో టు వర్క్', 'గెట్ ఆఫ్ వర్క్', 'గెట్ ఆన్ ద బస్' అని విడిగా చెప్పేసి ముందుకు వెళ్ళండి.

కాలం విషయంలో మాత్రం కాసేపు ఆగాలి. చైనీస్‌లో గడిచిన నెల పైన, రాబోయే నెల కింద ఉంటాయి. షాంగ్ క యుయె అంటే పోయిన నెల, శ్యా క యుయె అంటే వచ్చే నెల. అలాంటివాళ్ళకి 'ద ఎగ్జామ్ ఈజ్ కమింగ్ అప్' అంటే పరీక్ష అయిపోయిందా, రాబోతోందా అన్న సందేహం వస్తుంది. ఇక్కడ 'అప్'కి ఎత్తుతో పని లేదు, అది దగ్గరపడడాన్ని చెబుతోంది. ముందు 'హి కేమ్ అప్ టు మీ' చెప్పండి, లేచి నడిచి మరీ చూపించండి. మనిషి దగ్గరికి రావడం అర్థమయ్యాక, పరీక్ష దగ్గరికి రావడం దానంతటదే అర్థమవుతుంది. 'ద మీటింగ్ వాజ్ మూవ్డ్ అప్' దగ్గర మాత్రం వాళ్ళ లెక్క సరిపోతుంది. అనుకున్న టైముకంటే ముందే పెట్టారని అర్థం, వాళ్ళకీ ముందుది పైనే ఉంటుంది.

ఇక అసలైన తాళంచెవి 'ఛీలాయ్'. విడిగా దానికి 'లేవడం' అని అర్థం. క్రియ వెనక చేరితే రెండు పనులు చేస్తుంది. ఒకటి నిజంగా పైకి లేవడం: చాన్ ఛీలాయ్ అంటే స్టాండ్ అప్, త్స్వో ఛీలాయ్ అంటే సిట్ అప్. పడుకున్న పేషెంట్‌ని లేచి కూర్చోమనడానికి రోజూ వాడే మాట ఇది. రెండోది, ఉన్న స్థితి మారి ఏదో మొదలవడం, పెరగడం. కాలు వాచింది అనడానికి చోంగ్ ఛీలాయ్ అంటారు, ఇంగ్లీషులో స్వెల్ అప్. వేడెక్కడం ర ఛీలాయ్, ఇంగ్లీషులో హీట్ అప్. వార్డులో వాచిన చీలమండ ముందు నిలబడి ఈ రెండు మాటలూ పక్కపక్కన చెప్పినప్పుడు ఓ క్లాస్‌మేట్ ముఖం విప్పారడం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత చీర్ అప్, వార్మ్ అప్, స్పీక్ అప్ లాంటివి తనే అడిగి రాసుకుంది. ఛీలాయ్ ఉన్న ప్రతిచోటా 'అప్' వస్తుందనుకోకూడదు. శ్యాంగ్ ఛీలాయ్ అంటే గుర్తుకు రావడం, ఇంగ్లీషులో దానికి రిమెంబర్ చాలు. అయినా మొదటి మెట్టుగా దీనికంటే మంచిది నాకు దొరకలేదు.

'యూజ్ అప్', 'డ్రింక్ అప్', 'ఈట్ అప్' ఇంకో గుంపు. ఇక్కడ 'అప్' అంటే మిగలకుండా అని. మనకి 'తిను' వేరు, 'తినేయ్' వేరు కదా, ఆ 'ఏయ్' చేసే పని ఇదే. చైనీస్‌లో దీనికి రెండు మాటలున్నాయి. 'వాన్' అంటే పని ముగిసింది, 'క్వాంగ్' అంటే ఏమీ మిగల్లేదు. తాగడానికి 'హ' అంటారు కాబట్టి హ క్వాంగ్ అంటే చుక్క లేకుండా తాగేయడం. 'అప్'కి దగ్గరగా ఉండేది క్వాంగ్. వాన్‌తో కలిపితే చిక్కు వస్తుంది. పుస్తకం చదవడం పూర్తయింది అనడానికి ఖాన్ వాన్ అంటారు, దాన్ని 'రీడ్ అప్' చేసేస్తారు. ఇంగ్లీషులో 'రీడ్ అప్ ఆన్' అంటే ఒక విషయం గురించి చదివి తెలుసుకోవడం. పుస్తకం పూర్తయితే 'ఫినిష్డ్ ద బుక్' అనాలి.

'డౌన్'ని కూడా పక్కనే చెప్పండి. 'శ్యాలాయ్' చేరితే వేగం, గోల, కంగారు తగ్గి స్థిమితపడడం: మాన్ శ్యాలాయ్ స్లో డౌన్, లంగ్‌చింగ్ శ్యాలాయ్ కామ్ డౌన్. ఇది దాదాపు అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. 'శ్యాఛ్యూ' మాత్రం వేరు. ష్వో శ్యాఛ్యూ అంటే ఆపకుండా చెబుతూ ఉండడం, అంటే 'గో ఆన్'. దీన్ని 'టాక్ డౌన్' అంటే పెద్ద అపార్థమే. వాల్యూమ్ పెంచడాన్ని చైనీస్‌లో 'పెద్దగా సర్దడం' అంటారు, థ్యావ్ తా అని. అక్కడ దిక్కు లేదు కాబట్టి టర్న్ అప్, టర్న్ డౌన్ కొత్తగా నేర్చుకోవాల్సిందే. 'అప్', 'డౌన్' ఎప్పుడూ వ్యతిరేకాలే అని మాత్రం చెప్పకండి. 'స్లో అప్' అన్నా, 'స్లో డౌన్' అన్నా నెమ్మదించడమే.

చైనీస్ విద్యార్థులు ఈ జంట క్రియల్ని తప్పించుకుంటారన్నది నా ఒక్కడి అనుభవం కాదు. 2004లో ల్యావ్, ఫుకుయా అనే ఇద్దరు పరిశోధకులు 'లాంగ్వేజ్ లెర్నింగ్' పత్రికలో దీని మీదే రాశారు. మధ్యస్థాయి విద్యార్థులు వీటి బదులు ఒంటి క్రియల్నే ఎక్కువగా ఎంచుకున్నారు, భాష ముదిరినవాళ్ళలో ఆ అలవాటు తగ్గింది. వార్డులో నేను చూసిందీ అదే. 'థ్రో అప్' అనకుండా 'వామిట్' అంటారు. కేస్ షీట్‌లో అదే సరైన మాట కూడా. కానీ పేషెంట్ నోట 'ఐ త్రూ అప్' అని వచ్చినప్పుడు అర్థం కాకపోతే ఇబ్బంది. థ్రో అప్, గివ్ అప్, మేక్ అప్ లాంటివాటికి దిక్కుతో లెక్క చెప్పడానికి ప్రయత్నించొద్దు, ముక్కలు చేయకుండా మొత్తంగా గుర్తుపెట్టుకోమనండి.

'పిక్ అప్ ఇట్' అంటున్నారా? పిక్ ఇట్ అప్ అనాలని చెప్పడానికి వాళ్ళ వాక్యమే సాయం చేస్తుంది. పుస్తకం చేతిలోకి తీసుకోవడాన్ని 'నా ఛీ షూ లాయ్' అనొచ్చు. షూ అంటే పుస్తకం, అది ఛీ, లాయ్ మధ్యలో దూరి కూర్చుంది. ఇంగ్లీషులో ఇట్, దెమ్ లాంటి సర్వనామాలకి ఆ మధ్య చోటు తప్పనిసరి. 'పిక్ అప్ ద బుక్', 'పిక్ ద బుక్ అప్' మాత్రం రెండూ సరే.

మీవాళ్ళు ఫ్యాక్టరీవాళ్ళు కాబట్టి నేనైతే హీట్ అప్, స్లో డౌన్, కామ్ డౌన్‌తో మొదలుపెడతాను, ఛీలాయ్, శ్యాలాయ్ వెంటనే పలుకుతాయి. తర్వాత యూజ్ అప్, సెట్ అప్. మెషీన్ సెట్ అప్ చేయడానికి వాళ్ళు ఆన్‌చ్వాంగ్ హావ్ అంటారు, 'హావ్' అంటే పని చక్కగా పూర్తయిందని. స్టార్ట్ అప్, షట్ డౌన్‌ని ఆ తర్వాతకి ఉంచండి. చైనీస్‌లో మెషీన్‌ని తెరుస్తారు, మూస్తారు. అందుకే 'ఓపెన్ ద మెషీన్' అని ఎవరైనా అంటే, మూత తీయమంటున్నారా, ఆన్ చేయమంటున్నారా అని ముందు అడిగి తెలుసుకోండి.