ధ్రువ నక్షత్రం నిజంగా కదలదా?
కదులుతుంది, కాకపోతే మన కంటికి ఆనదు. ‘ధ్రువం’ అంటే నిలకడైనది. పెళ్ళిలో దాన్ని చూపించేదీ అందుకే. నిజానికి అది ఆకాశంలో భూమి అక్షం చూపే ఉత్తర ధ్రువబిందువుకు ముప్పావు డిగ్రీలోపు దూరంలో ఉండి, రోజూ దాని చుట్టూ ఓ చిన్న చుట్టు చుడుతుంది.

హైదరాబాద్‌లో అయితే క్షితిజం నుంచి 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. చెయ్యి చాచి పిడికిలి పడితే సుమారు 10 డిగ్రీలు. అంటే పిడికిళ్ళు రెండు కూడా నిండవు, ఎదురుగా మేడ ఉంటే సరి, కనపడదు. బాగా మెరిసేదే ధ్రువుడనుకుని చాలామంది పొరబడతారు. సప్తర్షుల్లో తోకకు ఎదురు చివరనున్న రెండు చుక్కలు, పులహుడి నుంచి క్రతువు మీదుగా గీతను ఐదింతలు సాగదీయండి, దొరుకుతుంది.

భూమి అక్షం బొంగరంలా ఊగుతూ దాదాపు 26,000 ఏళ్ళకో చుట్టు పూర్తిచేస్తుంది. అందుకే పిరమిడ్ల కాలంలో ధ్రువ నక్షత్రం చోటు తుబాన్ అనే మరో నక్షత్రానిది. మరో 12,000 ఏళ్ళకు అభిజిత్తు (వేగా) నక్షత్రం ఆ దగ్గరికొస్తుంది.