పార్కుకి డబ్బులుంటాయి, కాలువకి ఉండవా?

ప్రశ్న: సార్, మాది తెలంగాణలో చిన్న మున్సిపాలిటీ. ఇంటి పన్ను ఏటా కడుతున్నాం, 5 శాతం తగ్గుతుందని ఏప్రిల్‌లోనే కట్టేస్తాం కూడా. వీధి కాలువ గురించి అడిగితే ఫండ్స్ లేవంటారు, పక్క వీధిలో మాత్రం పార్కు కడుతున్నారు. ఇదేం లెక్క?

జవాబు: మీ కోపం అర్థమైందండి, కానీ మున్సిపాలిటీ డబ్బంతా ఒకే జేబులో ఉండదు. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికే పక్కన పెట్టాలి, పార్కు బహుశా అందులోంచే వచ్చుంటుంది, దాన్ని తీసి కాలువకి పెట్టడానికి కుదరదు. 2021-26కి 15వ ఆర్థిక సంఘం (కేంద్రం డబ్బు ఎవరికెంత ఇవ్వాలో సిఫారసు చేసే సంఘం) చిన్న పట్టణాలకి ఇమ్మన్న గ్రాంట్లూ అంతే, 60 శాతం తాగునీళ్లు, పారిశుద్ధ్యం లాంటివాటికే, మిగతా 40 శాతం కౌన్సిల్ ఇష్టం గానీ జీతాలకి వాడకూడదు. మరి జీతాలు, కరెంటు బిల్లులు ఎక్కడ్నుంచి అంటే మీరు కట్టే పన్నులాంటి సొంత ఆదాయం నుంచే, అవి పోయాక కాలువకి మిగిలేది ఎంతో మీరే ఊహించుకోండి.

అలాగని ‘లేవు’ అనగానే వెనక్కి వచ్చేయకండి (అది అందరికీ చెప్పే మాటే). మీ పని ఎస్టిమేట్ వేశారా, ఏ పద్దులో పెట్టారు అని ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) కింద రాసివ్వండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. అసలు ఎస్టిమేటే వేయకపోతే ఫండ్స్ మాట తర్వాత, ముందు వార్డు కౌన్సిలర్‌ని పట్టుకోండి.