షార్ట్‌కట్లు కనబడగానే ఫార్మాట్ కొట్టొద్దు

ప్రశ్న: సార్, మాది విడవలూరు. మా ఆయన చేసే రొయ్యల గుంటల లెక్కలు, మేత బాకీలు నేనే ఇంట్లో కంప్యూటర్‌లో ఎక్సెల్‌లో రాస్తుంటాను. పోయిన వారం ప్రింటు కోసం నెల్లూరులో ఒక జిరాక్స్ షాపులో పెన్ డ్రైవ్ ఇచ్చాను. ఇంటికొచ్చి పెడితే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయ్యాయి. ఇంకో పెన్ డ్రైవ్ పెట్టినా అంతే. తెలిసిన అబ్బాయి అంతా ఫార్మాట్ కొట్టాలంటున్నాడు. మూడు పంటల లెక్కలు పోతాయేమోనని టెన్షన్‌గా ఉంది. మాది విండోస్ 10.
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ అబ్బాయిని ఆగమనండి. మీ లెక్కలు ఎక్కడికీ పోలేదు. ఈ వైరస్ అసలు ఫోల్డర్లను దాచేసి, అదే పేరుతో షార్ట్‌కట్ పెడుతుంది. దాన్ని నొక్కితే ఫోల్డరూ తెరుచుకుంటుంది, వెనకాల వైరస్సూ నడుస్తుంది. అందుకే చాలామందికి అనుమానమే రాదు. ఇక వాటిని నొక్కకండి.

ఇరవై ఏళ్లుగా నెల్లూరులో కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. మొదట్లో ఒక మాస్టారి పెన్ డ్రైవ్‌ను ఇలాగే తొందరపడి ఫార్మాట్ కొట్టాను. అందులో ఆయన పెన్షన్ కాగితాలున్నాయి. ఆయన ఒక్క మాట కూడా అనలేదు, కుర్చీలో అలా కూర్చుండిపోయారు. అప్పటి నుంచి ఫైళ్లు బయటికి తీయకుండా నేను ఫార్మాట్ జోలికి పోలేదు.

రెండో పెన్ డ్రైవ్ కూడా పాడైందంటే వైరస్ కంప్యూటర్‌లోకి ఎక్కింది. కాబట్టి ముందు కంప్యూటర్, తర్వాతే పెన్ డ్రైవ్‌లు. ఇది తారుమారైతే శుభ్రం చేసిందల్లా మళ్లీ పాడవుతుంది.

పెన్ డ్రైవ్‌లు రెండూ తీసేయండి. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ తెరిచి, అప్‌డేట్ చేసి, నెట్ ఆపేయండి. అక్కడే స్కాన్ ఆప్షన్స్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ ఉంటుంది, అది పెట్టండి. కంప్యూటర్ రీస్టార్టయి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి వైరస్ దాక్కోలేదు. పావుగంట పడుతుంది. తర్వాత ఫుల్ స్కాన్ పెట్టండి, దానికి గంటలు పట్టినా మధ్యలో ఆపొద్దు. గడువు తీరిన పాత యాంటీవైరస్ ఏదైనా ఉంటే ముందే అన్‌ఇన్‌స్టాల్ చేయండి, అది ఉంటే విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ సరిగా పనిచేయకపోవచ్చు.

ఇప్పుడు పెన్ డ్రైవ్ పెట్టి, దాని మీద రైట్ క్లిక్ చేసి స్కాన్ చేయండి. తర్వాత ఫోల్డర్ ఆప్షన్స్‌లో వ్యూ కింద షో హిడెన్ ఫైల్స్ ఎంచుకుని, హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్ దగ్గర టిక్ తీసేయండి. ఈ రెండోది తీయకే చాలామంది ఫైళ్లు పోయాయని ఏడుస్తారు. మసకగా మీ ఫోల్డర్లు కనబడతాయి. ఒక్కోసారి అన్నీ కలిపి పేరు లేని ఒక ఫోల్డర్‌లో ఉంటాయి, అందులోనూ చూడండి. ఎక్సెల్, పీడీఎఫ్, ఫొటోలు మాత్రం కాపీ చేసుకోండి, షార్ట్‌కట్లు, తెలియని ఫైళ్లు వద్దు. ఒక్కో పంట లెక్క తెరిచి మొత్తాలు సరిపోయాయో లేదో చూశాకే పెన్ డ్రైవ్‌ను ఫార్మాట్ చేయండి. ఆ పని అయ్యాక టిక్ మళ్లీ పెట్టేయండి.

బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లు ఫోన్‌లో మార్చుకోండి. ఎవరైనా ఫోన్ చేసి మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, మేం తీస్తాం, ఈ యాప్ వేసుకోండి అంటే వినకుండా ఫోన్ కట్ చేసేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. మీ కంప్యూటర్ విండోస్ 11ను తీసుకుంటే మారండి. ఇకపై ప్రింటుకు వేరే చిన్న పెన్ డ్రైవ్‌లో ఆ ఒక్క కాగితమే పట్టుకెళ్లండి. లెక్కలున్నది ఇల్లు దాటకూడదు.