తమ్ముడు తను గే అని చెప్పాడు, అక్కగా నేనేం చెయ్యాలి? మా ఇంటి అనుభవం

మీ తమ్ముడికి ఇరవై నాలుగేళ్లని, తను గే అని మీ ఒక్కరికే చెప్పాడని రాశారు. మీది విజయనగరం దగ్గర పల్లె. అతనికి అండగా ఉండాలని ఉంది కానీ ఎక్కడ మొదలుపెట్టాలో, ఇంట్లో ఎలా చెప్పాలో తెలియడం లేదన్నారు. మాది శ్రీకాకుళం. మా తమ్ముడు నాకు ఈ మాట చెప్పి ఏడేళ్లు దాటింది. ముందు నేను చేసిన తప్పులు చెబుతాను, మీకు ఎక్కువ పనికొచ్చేవి అవే.

2019 పెద్దపండగ. వాడు బెంగుళూరు నుంచి వచ్చి, భోగి ముందు రోజు తెల్లవారుజామున ఆమదాలవలసలో రైలు దిగాడు. స్కూటీ మీద తీసుకురావడానికి నేను వెళ్లాను. మంచు బాగా పట్టింది, లైటు వెలుగు పది గజాలు కూడా పోవడం లేదు. వాడు బ్యాగు ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాడు. ఊరు దాటాక, "అప్పా, ఈసారి అమ్మ సంబంధాల మాట ఎత్తితే నువ్వే ఆపాలి" అన్నాడు. మా వేపు అక్కని అప్పా అనే పిలుస్తారు. ఎవరినైనా ప్రేమించావా అనడిగాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నాకు ఆడపిల్లల మీద ఆ ఇష్టం కలగదప్పా. మగవాళ్ల మీదే. చిన్నప్పట్నుంచీ అంతే" అన్నాడు.

నా వీపుకి చెప్పాడు ఆ మాట. మొహం చూస్తూ చెప్పే ధైర్యం చాలక స్కూటీ ఎక్కేదాకా ఆగానని చాలా రోజుల తర్వాత చెప్పాడు. రాత్రంతా రైల్లో ఆ నాలుగు ముక్కలే లోపల్లోపల అనుకుంటూ వచ్చాడట.

నేను వెంటనే అడిగింది, "చిన్నప్పుడు నిన్నెవరైనా ఏమైనా చేశారా?" అని. దయచేసి మీరు ఆ ప్రశ్న అడగొద్దు. ఎవరో ఏదో చేస్తే మనిషి ఇలా అవుతాడన్న నమ్మకం అందులో ఉంది. వాడు తన గురించి చెప్పుకుంటుంటే నేను నేరస్తుణ్ణి వెతికాను. ఆ తర్వాత, "సరేలే, ఇది ఎవరికీ చెప్పకు" అన్నాను. వాణ్ణి కాపాడుతున్నాననే అనుకున్నాను. వాడికి మాత్రం, నువ్వంటే నాకు సిగ్గుగా ఉందని అన్నట్టు వినిపించింది.

అసలు పెద్ద తప్పు ఆ రాత్రి చేశాను. మా ఆయనకి చెప్పేశాను. మనసులో పెట్టుకోలేకపోయాను, భార్యాభర్తల మధ్య దాపరికం ఏమిటనుకున్నాను. ఆయన వాళ్లన్నయ్యకి చెప్పారు, "ఎవరితోనూ అనకు" అనే చెప్పారు. మూడు నెలలు తిరక్కుండా నరసన్నపేటలో ఒక పెళ్లిలో భోజనాల దగ్గర కూర్చున్నాం. మా తమ్ముడు మజ్జిగ బకెట్టు పట్టుకుని వడ్డిస్తున్నాడు. ఆ అన్నయ్యే, మా బావగారు, పంక్తిలో నలుగురూ వినేలా, "ఏరా బావా, బెంగుళూరు ఎల్లి తేడా అయిపోనావేటి?" అన్నారు. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. పంక్తి చివరిదాకా మజ్జిగ పోసి, బకెట్టు గోడవారన పెట్టి, ఎవరికీ చెప్పకుండా ఆ రాత్రే బస్సెక్కి వెళ్లిపోయాడు. నాలుగు నెలలు నా ఫోన్ ఎత్తలేదు.

చివరికి నేనే బెంగుళూరు వెళ్లాను. నా నోటి వల్లే ఇదంతా జరిగిందని ఒప్పుకుని ఏడ్చాను. వాడు అన్న మాట నేను బతికున్నంతకాలం మర్చిపోను. "నువ్వు బావకి చెప్పావని కోపం ఉంది, అది తగ్గిపోద్ది. కానీ పెళ్లిలో బావ వాళ్లన్నయ్య అలా అన్నప్పుడు నేను నీ వేపు చూశానప్పా. నువ్వు విస్తట్లోకి చూశావు."

అండగా ఉండటం అంటే ఏమిటని మీరు అడిగారు. నా వరకు ఆ విస్తట్లోంచి తల ఎత్తడమే. ఊరికి తిరిగొచ్చి మా బావగారింటికి వెళ్లి, "మా తమ్ముణ్ణి ఆ మాట అనడం తప్పు. ఇకమీదట నా ముందు ఎవరినీ అలా అనకండి" అని చెప్పాను. రెండేళ్లు రెండిళ్ల మధ్య మాటల్లేవు. మా అత్తగారు నన్నే తప్పుపట్టారు. మా ఆయన మొదట నలిగిపోయారు, కానీ తన వల్ల జారిన మాట కాబట్టి నా పక్కనే నిలబడ్డారు. ఇది ఖర్చు లేకుండా అయ్యే పని కాదని మీకు ముందే తెలియాలి. మనం పెళ్లిళ్లలో, పేరంటాల్లో పడే ఆ కాస్త ఇబ్బంది వాళ్లు పుట్టినప్పట్నుంచీ ఒంటరిగా పడుతున్నారు.

అందుకని మొదటి మాట ఇదే: మీ తమ్ముడు చెప్పిన సంగతి అతనిది. అమ్మకైనా, మీవారికైనా, ప్రాణస్నేహితురాలికైనా అతను సరే అనకుండా చెప్పొద్దు. "ఇంకెవరికైనా తెలుసా? నేనెవరితోనైనా అనొచ్చా?" అని ఒక్కసారి అడగండి. అలా అడిగినందుకే అతనికి సగం భయం పోతుంది.

మాటల గురించి కూడా చెప్పాలి. మనకి చిన్నప్పట్నుంచి తెలిసినవి తేడా, కొజ్జా లాంటి తిట్లే. పేపర్లలో స్వలింగ సంపర్కులు అని రాస్తారు. ఆ మాటలో మనిషి లేడు, పడక మాత్రమే ఉంది. మా ఆయన్ని నేను ప్రేమిస్తే నన్నెవరూ అలాంటి పేరు పెట్టి పిలవరు కదా. మావాడు గే అనే అంటాడు కాబట్టి నేనూ అదే అంటాను. మీ తమ్ముడు ఏమంటాడో అతన్నే అడిగి, ఆ మాటే వాడండి.

ఇక ఇంట్లో చెప్పడం. చదువుకో, తిండికో ఇంకా మీ నాన్నగారి మీదే ఆధారపడి ఉంటే తొందరపడొద్దని నా సలహా. మావాడు ఉద్యోగంలో కుదురుకుని, బెంగుళూరులో సొంతంగా అద్దె కట్టుకునే స్థితి వచ్చాకే చెప్పాడు. ఎప్పుడు చెప్పాలో తనే నిర్ణయించుకున్నాడు. నన్ను అడిగింది ఒకటే, "నువ్వేమీ మాట్లాడకపోయినా ఫర్వాలేదు, పక్కన కూర్చో" అని.

అది 2021 జూన్. ఆఫీసు పని ఇంటి నుంచే చేస్తూ శ్రీకాకుళంలో ఉన్నాడు. అమ్మ చేతులకి నూనె రాసుకుని పనసకాయ కోస్తోంది. వాడు చెప్పాడు. అమ్మ కత్తి ఆపలేదు. తొన తీసి, గింజ వేరు చేసి, ఇంకో తొన తీసి, అప్పుడు, "పెళ్లి చేస్తే అదే కుదురుతాది" అంది. మాట్లాడనని ఒప్పుకున్నా అక్కడ ఉండబట్టలేకపోయాను. "ఆ వచ్చే పిల్ల నేనయితే చేస్తావా అమ్మా? నన్నిలాగే ఒకరింటికి పంపించి, ఎందుకో తెలీకుండా రోజూ ఏడుస్తుంటే ఊరుకుంటావా?" అన్నాను. అమ్మ నా వేపు చాలాసేపు చూసింది. మీ ఇంట్లోనూ ఈ పెళ్లి మాట తప్పకుండా వస్తుంది. అబ్బాయి కోసం వాదించే ముందు ఆ అమ్మాయి కోసం వాదించండి. ఆడపిల్లని కన్న తల్లికి అది ముందు అర్థమవుతుంది.

మూడు రోజులు అమ్మ వంట చేసి పెట్టింది తప్ప మాట్లాడలేదు. తర్వాత ఒక ఆదివారం వాణ్ణి అరసవల్లి తీసుకెళ్లి సూర్యనారాయణస్వామికి మొక్కుకుంది. జబ్బు నయం చేసే స్వామి అని మన వేపు అందరికీ నమ్మకం కదా. కొడుక్కి జబ్బనే అమ్మ అనుకుంది. నాకు చాలా కోపం వచ్చింది, వాడికి రాలేదు. "నా కోసం దేవుడి దగ్గరకి వచ్చింది కదప్పా, వదిలెయ్యలేదు కదా" అన్నాడు.

అమ్మ పట్టుబడితే విశాఖపట్నంలో ఒక డాక్టరు దగ్గరకి వెళ్లాం. ఆరు నెలలు మందులు వాడి, చెప్పినట్టు చేస్తే మారిపోతాడన్నాడు ఆయన. ఏ జబ్బుకో కాగితం మీద రాసివ్వమన్నాను. రాయలేదు. లేచి వచ్చేశాం. దీన్ని జబ్బుల జాబితాలోంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే తీసేసింది. మన దేశంలో మానసిక వైద్యుల సంఘం, ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా ఇది జబ్బు కాదని 2018లో ప్రకటించింది. ఇలా మారుస్తామని చేసే చికిత్సని వృత్తిపరమైన తప్పుగా జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది. ఎవరైనా మారుస్తామంటే మీరు ధైర్యంగా ఈ మాట చెప్పి లేచి రండి. తర్వాత మేం వెళ్లిన రెండో డాక్టరు అమ్మతోనే, "బాబుకి వైద్యం అక్కర్లేదమ్మా. మీకు నిద్ర పట్టడం లేదన్నారు, మీతో మాట్లాడదాం" అన్నారు. ఆవిడతో నాలుగుసార్లు మాట్లాడాక అమ్మ మొదటిసారి వాడి చెయ్యి పట్టుకుని ఏడ్చింది. మీ అంతట మీకు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ లైను టెలి మానస్ ఉంది, 14416. ఉచితం, ఏ వేళప్పుడైనా చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

నాన్న సంగతి వేరు. రిటైరైన హెడ్మాస్టరు, మనసులో మాట బయటపెట్టే మనిషి కాదు. ఆ జూన్‌లోనే మద్రాసు హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఇంట్లోవాళ్లకి భయపడి మధురై నుంచి చెన్నై వెళ్లిపోయిన ఇద్దరమ్మాయిల కేసు. జస్టిస్ ఎన్. ఆనంద్ వెంకటేశ్ ఈ విషయం తనకీ సరిగ్గా తెలియదని ఒప్పుకుని, తీర్పు రాసే ముందు తనే ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని తెలుసుకున్నారు. అది నాన్నకి చదివి వినిపించాను. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "జడ్జీగారే పాఠం చెప్పించుకున్నాడంటే మనకి నామోషీ ఏటి" అన్నారు. ఇప్పటికీ ఆ విషయం నేరుగా మాట్లాడరు. సంబంధాలు తెచ్చే పేరయ్యని మాత్రం గుమ్మంలోనే ఆపి పంపించేశారు.

మీ తమ్ముడికి తప్పకుండా చెప్పాల్సింది ఒకటుంది. ఫోన్లో యాప్‌ల ద్వారా పరిచయమై, ఫోటోలు, చాట్లు దాచిపెట్టి, ఇంట్లో చెప్పేస్తామని డబ్బు గుంజేవాళ్లు ఉన్నారు. మావాడికీ అయింది. అర్ధరాత్రి రెండింటికి ఫోన్ చేశాడు, గొంతు వణికిపోతోంది. పోలీసులు నన్నే పట్టుకుంటారేమో అన్నాడు. అదొక్కటీ భయపడక్కర్లేదు. ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ల మధ్య సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న చెప్పింది. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఒకప్పుడు దీన్ని నేరమన్న ఆ 377 సెక్షనే లేదు. డబ్బు కోసం బెదిరించడం మాత్రం నేరమే. రూపాయి పంపొద్దని, స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకోమని చెప్పాను. పొద్దున్న నేనే పక్కనుండి ఫిర్యాదు రాయించాను. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. ఇవన్నీ జరగకముందే మీ తమ్ముడితో, "ఎవరైనా ఇంట్లో చెప్తామని బెదిరిస్తే నాకు ముందే తెలుసని చెప్పు, ఏ వేళైనా నాకు ఫోన్ చెయ్యి" అనండి. ఇంట్లో ఒక్కరికి తెలిసినా బెదిరించేవాడి బలం సగం తగ్గిపోతుంది.

ఆ 2018 తీర్పులో జస్టిస్ ఇందూ మల్హోత్రా ఒక మాట రాశారు. ఇన్నాళ్ల ఆలస్యానికి వీళ్లకీ, వీళ్ల కుటుంబాలకీ చరిత్ర క్షమాపణ చెప్పాలని. కుటుంబాలకీ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మమ్మల్ని కూడా ఎవరో తలచుకున్నారనిపించింది.

మావాడికి ఇప్పుడు తోడు ఉన్నాడు. రాజమండ్రి అబ్బాయి, ఇద్దరూ బెంగుళూరులోనే ఉంటారు. 2023 అక్టోబరు 17న పెళ్లికి చట్టం ఒప్పుకోదని సుప్రీంకోర్టు చెప్పిన రోజు ఇద్దరూ భోజనం చెయ్యలేదు. 2024 ఆగస్టులో ఇలాంటి జంటలు జాయింట్ ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదని ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. మరుసటి వారమే బ్యాంకుకి వెళ్లి ఖాతా తెరిచారు. పాసుబుక్కు ఫోటో తీసి నాకు పంపారు.

ఒక చిన్న సంగతి చెప్పి ఆపుతాను. ఆ అబ్బాయి మొదటిసారి నాతో ఫోన్లో మాట్లాడినప్పుడు నన్నేమని పిలవాలో తెలియక "మీరు, మీరు" అంటూ నెట్టుకొచ్చాడు. మావాడు పిలిచినట్టే అప్పా అని పిలవమన్నాను. "అలా పిలిస్తే తనకీ నాకూ వరస తప్పిపోతుంది కదండీ" అన్నాడు. నిజమే, నాకు తట్టనే లేదు. మరి నీ ఇష్టం వచ్చినట్టు పిలు అన్నాను. కాసేపాగి, "వదినా అనొచ్చా?" అనడిగాడు. తమ్ముడికి తోడుగా ఇంటికొచ్చిన మనిషి తమ్ముడి అక్కని పిలిచే వరస అది. ఇంకెవరు విన్నా మామూలు పిలుపే.

పోయిన పెద్దపండగకి ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. భోగి రోజు పొద్దున్న అమ్మ అరిసెల పాకం పడుతోంది. అతను వంటింటి గుమ్మంలోకి వచ్చి, "వదినా, తువ్వాలు ఎక్కడుంది?" అన్నాడు. అమ్మ గరిటె ఆపింది. నా వేపు చూసింది, అతని వేపు చూసింది. మళ్లీ పాకం తిప్పుతూ, "ఒలే, పెరట్లో దండెం మీద ఉంది, ఆ బాబుకి తీసివ్వు" అంది.