మా జిల్లా వంటల గురించి రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీది కరీంనగర్ అన్నారు, సంక్రాంతికి ఏదైనా పత్రికకు పంపాలని ఉందన్నారు. అయితే సకినాలు ఒక్కటే పట్టుకోండి, అదే సంక్రాంతికి బియ్యప్పిండి, నువ్వులతో చుట్లుగా చేసే పిండివంట. "తెలంగాణ వంటలు" అని మొదలుపెడితే సర్వపిండి, పచ్చిపులుసు, మలీద, బిర్యానీ అన్నీ ఒకే పేరాలో వచ్చి పడతాయి. చదివినవాళ్లు వాటిలో ఒక్కటీ వండుకోలేరు.

సకినాలు బాగా చేసే ఇల్లు చూసుకుని, చేసే రోజే వెళ్లండి. తర్వాత ఫోన్‌లో అడిగితే "చూసి వేస్తాం" అంటారు. అందులో అబద్ధం లేదు, వాళ్ల కొలత చేతిలోనే ఉంటుంది. ఆ చేతిని ఆపకుండా కొలవడం మీ పని. గ్రాములు చూపే చిన్న కాటా తీసుకెళ్లి ఉప్పు డబ్బా, నువ్వుల గిన్నె, నీళ్ల చెంబు ముందే తూచి పెట్టుకోండి. పని అయ్యాక మళ్లీ తూచండి. తగ్గినంతే వేసిన లెక్క. వేసే ప్రతి పిడికిలికీ ఆపి తూస్తే వండే ఆమెకు విసుగు, మీకు తప్పుడు కొలత.

గిద్ద, సోల, మానిక అని చెబితే ఆ పాత్రనే నింపి తూచండి. ఇంటింటికీ పాత్ర మారుతుంది. పైగా సోలెడు రాళ్ల ఉప్పు, సోలెడు మెత్తని ఉప్పు ఒకే బరువు ఉండవు. పచ్చళ్ల గురించి రాసినప్పుడు ఈ ఒక్క తేడాతో జాడీ మొత్తం బూజు పడుతుంది.

సకినాల్లో కిలో అంటే బియ్యమా, తడిపిండా అన్నది స్పష్టంగా రాయాలి. కిలో బియ్యం నానాక పావుకిలోకు పైగా బరువెక్కుతుంది. కొత్త బియ్యమా పాతవా అన్నది కూడా రాయండి, కొత్తవి నీళ్లు తక్కువ పీలుస్తాయి. కిలో బియ్యానికి సుమారు 150 గ్రాముల నువ్వులు, 20 గ్రాముల వాము, 25 నుంచి 30 గ్రాముల ఉప్పుతో మొదలుపెట్టి, మీరు చూసిన ఇంటి లెక్కతో సరిచేసుకోండి. బియ్యం ఐదారు గంటలు నానబెట్టి, వడకట్టి, గుడ్డ మీద ఆరబెట్టి, చేతికి చెమ్మ తెలుస్తుండగానే గిర్నీకి (పిండి మరకు) పంపాలి. పూర్తిగా ఎండిన పిండితో చేస్తే సకినాలు గట్టిపడతాయి.

చాలామంది వదిలేసేది గుడ్డ సంగతి. వేళ్ల మధ్య తిప్పుతూ చుట్లు వేసేది ఉతికిన నూలు గుడ్డ మీదే ఎందుకంటే, అది పిండిలోని అదనపు తడి లాగేస్తుంది. తడి ఆరకముందే తీస్తే చుట్టు విరుగుతుంది, మరీ ఆరితే పగుళ్లు వస్తాయి. ఆ మధ్య సమయం ఎంతో గడియారం చూసి రాయండి, ఎండా నీడా అన్నది కూడా. వేయించేటప్పుడు మంట చిన్నదైతే నూనె తాగుతాయి. పెద్దదైతే పైన ఎర్రబడి లోపల పచ్చి ఉండి మర్నాటికి మెత్తబడతాయి. ఎర్రగా కాకముందే తీయాలి. ఇలా ఏది చెడుతుందో, ఎందుకు చెడుతుందో రాసినప్పుడే "కరకరలాడే" అన్న మాటకు విలువ. తర్వాత అదే కొలతతో మీ ఇంట్లో చేసి చూడండి. కుదరలేదంటే ఏదో ఒకటి గమనించలేదన్నమాట, మళ్లీ వెళ్లాల్సిందే.

చరిత్ర రాసేచోట తొందరపడొద్దు. శ్రీకృష్ణదేవరాయలవారి వంటింట్లో ఎర్రటి ఆవకాయ ఉండేదని ఎవరైనా చెబితే నమ్మకండి. మిరప అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసుల ద్వారా వచ్చిన పంట, రాయలు పోయింది 1529లో. భౌగోళిక గుర్తింపు (ఫలానా ప్రాంతానిదని ప్రభుత్వం ఇచ్చే జీఐ ట్యాగ్) ఉన్న వంటకమైతే పని సులువు. హైదరాబాద్ హలీంకు 2010లో, బందరు లడ్డుకు 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో ఆ గుర్తింపు వచ్చింది. గుర్తింపు కోసం పెట్టిన దరఖాస్తులో తయారీ విధానం, ప్రాంతపు హద్దులు ఉంటాయి, అది ప్రభుత్వ పత్రికలో అచ్చవుతుంది. అయితే అది అమ్మేవాళ్ల తరఫు కథనం కూడా అని గుర్తుంచుకుని చదవండి.

వండినవారి పేరు వేయాలంటే ముందే అడగండి. కొందరు ఊరి పేరు చాలంటారు. ఫొటో కిటికీ వెలుగులో, ఫ్లాష్ లేకుండా తీయండి. వేగిన సకినం ఒక్కటే చాలదు, గుడ్డ మీద పచ్చి చుట్లు కూడా తీయండి, చేతి పని కనిపించేది అక్కడే. వ్యాసం యూనికోడ్‌లో టైపు చేసి, కనీసం నెల ముందు పంపండి. పండుగ పేజీలు ముందే నిండిపోతాయి కాబట్టి జనవరి మొదటి వారంలో పంపినది ఎంత బాగున్నా వచ్చే ఏటికే.