టీసీ లేకపోయినా పిల్లల్ని చేర్చుకోవాల్సిందే అక్కా
అక్కా, చిత్తూరులో మీ వీధికొచ్చిన శ్రీలంక తమిళ కుటుంబం పిల్లలిద్దరినీ టీసీ, పుట్టిన సర్టిఫికెట్ లేవని ప్రభుత్వ బళ్లో చేర్చుకోలేదన్నారు కదా, దిగులుపడొద్దు. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల ప్రతి బిడ్డకూ వర్తిస్తుంది. వయసు రుజువు లేదని కాదనకూడదని 14వ సెక్షన్ చెబుతుంది. టీసీ ఆలస్యమవడమూ కారణం కాదు, అది 5వ సెక్షన్. ఇదే కాగితం మీద రాసి హెడ్మాస్టరుకివ్వండి. ఒప్పుకోకపోతే ఎంఈఓ (మండల విద్యాధికారి) దగ్గరికి పోండి, తల్లిని మాత్రం ఒంటరిగా పంపొద్దు. ఆఫీసు గడప దగ్గరే ఆమె ధైర్యం జారిపోతుంది, పక్కన మీరుండాలి.

చిత్తూరులో తమిళం వచ్చినవాళ్లకు కరువా? సాయంత్రం ఓ అరగంట ఎవరైనా కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు దిద్దిస్తే చాలు. బియ్యం, బట్టలు ఇచ్చేటప్పుడు దయచేసి ఫొటోలు తీయకండి.