కృపతో మొదలైనవారు కూలి లెక్కతో బ్రతకాలా?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది పాలకొల్లు దగ్గర ఒక పల్లె. రక్షణ కృపవల్లనే కలుగుతుందని నమ్మి బాప్తిస్మం తీసుకున్నాను. సండే స్కూలు పిల్లలకు కూడా అదే నేర్పుతున్నాను. కానీ నా బ్రతుకు అలా సాగడం లేదు. తెల్లవారుజామున ప్రార్థన, శుక్రవారం ఉపవాసం, దశమభాగం (సంపాదనలో పదియవ వంతు కానుక) సక్రమంగా జరిగిన వారంలో ధైర్యంగా ఉంటాను. కూడికకు ఆలస్యంగా వచ్చే మా తోడికోడలిని చూసి మనసులో చులకన చేస్తాను. అవి తప్పిన వారంలో పిల్లవాడికి జ్వరం వచ్చినా నావల్లనే వచ్చిందని భయపడతాను. ఈ మధ్య మా రొయ్యల చెరువుకు తెల్లమచ్చ వచ్చి పెట్టుబడంతా పోయింది. దశమభాగం ఆపినందుకే ఈ నష్టమని సంఘంలో ఒక పెద్దాయన అన్నారు. అది నిజమేనా? కృపే చాలునంటే ఉపవాసాలూ కానుకలూ మానేయాలా?
– ఒక సహోదరి

జవాబు: సహోదరీ, మిమ్మల్ని ఎక్కువగా బాధపెడుతున్నది చెరువు మాటే గనుక ముందు దానికే జవాబు చెబుతాను. తెల్లమచ్చ ఒక వైరస్ వల్ల వచ్చే జబ్బు. విత్తనం ద్వారా, నీటి ద్వారా, పీతల ద్వారా ఒక చెరువు నుండి మరొక చెరువుకు పాకుతుంది, దశమభాగం ఇచ్చినవారి చెరువనీ ఇవ్వనివారి చెరువనీ తేడా చూడదు. సిలోయములోని గోపురం కూలి పద్దెనిమిదిమంది చనిపోయినప్పుడు, వారు యెరూషలేములో ఉన్న తక్కినవారందరికంటె ఎక్కువ అపరాధులని అనుకోవద్దని ప్రభువు స్పష్టంగా చెప్పిన మాట లూకా సువార్త 13వ అధ్యాయంలో ఉంది. అక్కడ ఆయన అందరినీ మారుమనస్సుకు పిలిచారే గాని, చనిపోయినవారి పాపాల చిట్టా విప్పలేదు. అప్పుల్లో మునిగిన ఇంటికి వెళ్లి ఆ నష్టానికి కారణం మీ కానుకేనని చెప్పడం పెద్దరికం కాదు, క్రీస్తు మనసు అంతకన్నా కాదు. ఆ మాటను మీరు దేవుని మాటగా మోయనవసరం లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మంచి వారంలో మీకు కలిగే చులకన, చెడ్డ వారంలో మీకు కలిగే భయం వేర్వేరు జబ్బులని మీరు అనుకుంటున్నట్లు ఉంది, కానీ ఆ రెంటికీ మూలం ఒక్కటే. ఊడ్పు ముగిశాక సాయంత్రం గట్టు మీద నిలబడి తన కూలి లెక్క అడిగే మనిషికి ఆ హక్కు ఉంది, ఎందుకంటే అది అతని కష్టార్జితం. పనికి రాని రోజున అతనికి అడిగే ముఖం ఉండదు. మీరు దేవుని ముందు రోజూ ఆ గట్టు మీదే నిలబడుతున్నారు. పని చేసేవానికి జీతం ఋణమే గాని దానం కాదని పౌలు రోమా పత్రిక 4వ అధ్యాయంలో చెప్పి, వెంటనే భక్తిహీనుని నీతిమంతునిగా తీర్చే దేవునియందు విశ్వాసముంచేవాని సంగతి వేరని అంటాడు. పౌలు ఉత్తరం రాసిన గలతీయ సంఘాలవారు కూడా సువార్తను తిరస్కరించినవారు కారు. విని, నమ్మి, ఆత్మను పొందినవారే. ఆత్మతో మొదలుపెట్టి ఇప్పుడు శరీరంతో పరిపూర్ణులవుతారా అని పౌలు వారిని నిలదీశాడు. బాప్తిస్మం నాటికి కృప, మరునాటి నుండి సొంత కష్టం అన్న ఏర్పాటు బైబిలులో ఎక్కడా లేదు.

మన ప్రాంతపు చరిత్ర తెలిసినవారికి ఇది మరింత లోతుగా తాకాలి. 1836లో ఆంటొనీ నోరిస్ గ్రోవ్స్ అనే మిషనరీతో కలిసి మన దేశానికి వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలో సువార్త ప్రకటించినప్పటి నుండి, ఈ డెల్టాలో దానిని అందుకున్నవారిలో అత్యధికులు పొలం లేని, చదువుకు దూరంగా ఉంచబడిన, ఊరికి వెలుపల బ్రతికిన కూలి జనం. దేవుని ముందు చూపించుకోవడానికి కులమో ఆస్తో పుణ్యమో వారి దగ్గర లేదు, ఆయన కూడా అడగలేదు. కృపావరం, కృపామణి అని బిడ్డలకు పేర్లు పెట్టుకున్నది అలాంటి ఇళ్లవారే. వారి మనవళ్లమైన మనం ఉపవాసాల లెక్కతో ఒకరినొకరు కొలుచుకోవడం చూస్తే నాకు నిజంగా దుఃఖం కలుగుతుంది. వారానికి రెండుసార్లు ఉపవాసముంటూ సంపాదన అంతటిలో పదియవ వంతు ఇచ్చిన పరిసయ్యుడు (ధర్మశాస్త్ర నిష్ఠ గల యూదుడు), తనను తాను నీతిమంతుడని నమ్ముకుని పక్కనున్న సుంకరిని, అంటే పన్ను వసూలు చేసేవాణ్ణి, తక్కువగా చూసినందుకు నీతిమంతునిగా తీర్చబడకుండానే ఇంటికి వెళ్లాడని కూడా లూకా సువార్తలోనే ఉంది.

మరి మానేయాలా అని అడిగారు. మానవద్దు. కృపచేతనే రక్షింపబడ్డారని చెప్పిన ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయం, ఆ వెంటనే మనం నడుచుకోవలసిన సత్క్రియలను దేవుడు ముందుగా సిద్ధపరిచాడని కూడా చెబుతుంది. క్రియలు లేని విశ్వాసం మృతమని యాకోబు అన్నదీ ఈ అర్థంలోనే. వరుస మాత్రం తారుమారు కాకూడదు. యేసు సుంకరి అయిన జక్కయ్య ఇంట బస చేస్తానన్న తరువాతే అతడు ఆస్తిలో సగం బీదలకు ఇస్తాననీ, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తాననీ అన్నాడు. ఆ డబ్బు పంచితేనే నీ ఇంటికి వస్తానని ప్రభువు షరతు పెట్టలేదు.

కాబట్టి కొన్ని పనులు చేసి చూడండి. ప్రార్థన తప్పిన రోజున, మరునాడు రెండింతలు చేసి బాకీ తీర్చాలనుకోకండి. గుర్తుకు వచ్చిన ఆ క్షణంలోనే, వంటింట్లో ఉన్నా చెరువు గట్టున ఉన్నా, ఒప్పుకొని మాట్లాడండి. మన పాపాలను ఒప్పుకుంటే ఆయన నమ్మదగినవాడు గనుక క్షమిస్తాడని మొదటి యోహాను పత్రిక 1వ అధ్యాయంలో ఉన్న వాగ్దానానికి మరునాటి దాకా ఆగమన్న గడువు లేదు. చక్కగా ప్రార్థించుకున్న రోజున, లేవగలిగిన బలమూ ఆయన ఇచ్చినదేనని ముందు కృతజ్ఞత చెప్పండి. అందరికంటె ఎక్కువగా ప్రయాసపడ్డానన్న పౌలు కూడా, ప్రయాసపడింది నేను కాదు, నాకు తోడైయున్న దేవుని కృపే అన్నాడు. మీ తోడికోడలు ఎందుకు ఆలస్యమవుతున్నదో ఎప్పుడైనా అడిగారా? చంటిబిడ్డ ఉందో, మంచాన పడ్డ అత్తగారి సేవ ఆమె మీదే ఉందో అడిగి, ఆ పనిలో ఒక చెయ్యి వేసి, కూడికకు కలిసి వెళ్లండి.

కానుక విషయంలో రెండవ కొరింథీ పత్రిక 8వ అధ్యాయం చూడండి. సిద్ధమైన మనసుంటే శక్తికి మించి కాదు, కలిమి కొలది ఇచ్చినదే ప్రీతికరమని అక్కడ ఉంది. మేత కొట్టు బాకీ తీరకుండా వడ్డీకి తెచ్చి దశమభాగం కట్టమని ఏ సేవకుడూ మిమ్మల్ని బలవంతపెట్టకూడదు. మీకు తోచినది సంతోషంగా ఇవ్వండి, బాకీలు నమ్మకంగా తీర్చండి. చేయి తిరిగినప్పుడు కానుక కూడా పెరుగుతుంది. ఈ శుక్రవారం ఆరోగ్యం సహకరిస్తే ఉపవాసం ఉండండి. పిల్లవాడికి జ్వరం తగ్గకపోతే మాత్రం డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లి, మీరూ కాస్త అన్నం తిని, వాడి పక్కనే కూర్చుని ప్రార్థించుకోండి. మీవారు కూడా నష్టం తాలూకు నింద మోస్తూ ఉంటారు గనుక లూకా 13వ అధ్యాయం ఆయనకు కూడా చదివి వినిపించండి.